మీ అమ్మమ్మ ఏడవలేదు తల్లీ

తల్లీ,

నువ్వు అమ్మమ్మ మీద కవిత చదివిన వీడియో రాత్రి నాలుగుసార్లు చూశా, మీ నాన్నకీ చూపించా, ఆయనేం మాట్లాడకుండా లేచి మేడ మీదకెళ్ళిపోయారు. చీపురు పట్టుకుని స్టేజి మీదకి నడిచొచ్చావు చూడు, ఆ నడక అచ్చం మా అమ్మదే, ఒళ్ళు జలదరించింది నాకు. కానీ ఒక్క మాట, కోపం తెచ్చుకోకు. నీ కవితలో అమ్మమ్మ మొదట్నుంచి చివరిదాకా ఏడుస్తూనే ఉంది. ఆమె అలా ఏడ్చే మనిషి కాదే.

మద్రాసులో రోడ్లూడ్చిన మనవాళ్ళు ఎంతోమంది నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినోళ్ళే, అమ్మా అంతే. చేతులు బొబ్బలెక్కకుండా చీపురు కర్రకి సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టుకునేది. పనికెళ్ళినా మేస్త్రీ ఆబ్సెంట్ వేశాడనుకో, ఆ సాయంత్రం నిన్ను ఉయ్యాల ఊపుతూ జోలపాటలోనే వాడి పేరు కలిపేసి వాడు చేసినవన్నీ వరసగా పాడేది, లైనిళ్ళ ఆడవాళ్ళంతా గుమ్మాల్లో కూర్చుని వంత పాడేవాళ్ళు, తెల్లారేసరికి ఆ పాట వాడి చెవిన పడేది! అది కవిత్వం కాదా చెప్పు.

సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మ గారి సంగతి మా స్కూలు పిల్లలకి చెప్తుంటా కదా. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని అంతకుముందు అచ్చేసినాయన కొన్ని పద్యాలు తీసేశాడు, తన నాయనమ్మని, మేనత్తని తల్చుకుని ముద్దుపళని రాసుకున్న పీఠిక కూడా తీసేశాడు. ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఏం అడ్డమొచ్చాయో మరి, నాకది తల్చుకుంటే ఇప్పటికీ మండుద్ది. నాగరత్నమ్మ గారు అసలు ప్రతి వెతికి పట్టుకుని ఏదీ వదలకుండా 1910లో ఇక్కడే మద్రాసులో వావిళ్ళ వాళ్ళ చేత వేయించారు. సర్కారు నిషేధించింది, ప్రకాశం పంతులు గారి హయాం దాకా ఎత్తెయ్యలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి సొంత సొమ్ముతో గుడి కట్టించిన మనిషి ఆమె, అక్కడే ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే ఆడవాళ్ళతోనే వేరే జట్టు కట్టి సమాధి వెనకవైపు కూర్చుని పాడించారు.

నువ్వు అమ్మమ్మ పాటని కావాలని తీసెయ్యలేదు, నీకు తెలీదంతే, చెప్పకపోవడం నా తప్పే. ఈసారి వేసేటప్పుడు ఆ ఏడుపు తగ్గించి జోలపాట పెట్టు, వంత పాడటానికి నీ ఫ్రెండ్స్‌ని కింద జనంలో కూర్చోబెట్టు. మీ పెద్దమ్మకి నాలుగు చరణాలు గుర్తున్నాయంట, రాత్రికి వాయిస్ మెసేజ్ పెట్టిస్తా. చీపురు కర్రకి ట్యూబ్ చుట్టడం మర్చిపోకు.

అమ్మ