కర్బూజ మగ్గేస్తే తీపెక్కదు

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరేకొద్దీ నెల్లూరు, కావలి, ఒంగోలు రోడ్ల పక్కన కర్బూజ కుప్పలు పెరుగుతాయి. కొనుక్కెళ్లి కోస్తే చాలా కాయలు చప్పగా ఉంటున్నాయి. "రెండ్రోజులు మగ్గేయండి, తీపొస్తుంది" అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. అది జరిగే పని కాదు.

మామిడి, అరటి కాయల్లో పిండి పదార్థం నిల్వ ఉంటుంది. మగ్గేటప్పుడు అదే చక్కెరగా మారుతుంది. కర్బూజలో ఆ నిల్వ లేదు. ఆకులో తయారైన చక్కెర తొడిమ గుండా కాయలోకి దిగాలి, అదీ ఎక్కువగా పండే ముందు చివరి రోజుల్లోనే దిగుతుంది. తొడిమ తెగితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ తర్వాత కాయ మెత్తబడుతుంది, రంగు తిరుగుతుంది, వాసన కూడా వేస్తుంది. తీపి మాత్రం కోసిన నాడు ఎంతుందో అంతే. అలాంటి కాయలే జ్యూసు బండ్లకు చేరి, గ్లాసులో చెంచాల కొద్దీ పంచదార పడుతోంది.

పైన వల అల్లినట్టు గరుకు గీతలుండే రకాల్లో పక్వం తెలిసేది తొడిమ దగ్గరే. కాయ తయారయ్యేకొద్దీ తొడిమ మొదట్లో సన్నగా చీలిక మొదలవుతుంది. అది చుట్టూ తిరిగాక బొటనవేలితో కాస్త నెడితే చాలు, కాయ తీగను వదిలేస్తుంది. అక్కడ నున్నటి గుంట మిగులుతుంది. గుంటకు బదులు కత్తితో తెగిన తొడిమ ముక్క అంటుకుని ఉంటే, గీతల మధ్య తోలు ఇంకా పచ్చగా ఉంటే, అది ముందే కోసిన కాయ. నున్నటి తోలున్న రకాలు కొన్ని పండినా తీగను వదలవు. వాటికి రంగు, పిందె పడినప్పటి నుంచి రోజుల లెక్క చూసుకోవాలి.

అందుకే రకం పేరు రాసి అమ్మాలి. కర్బూజల్లో కొన్ని రకాలకున్న కాంటలూప్ అనే పేరు రోమ్ దగ్గరి కాంటలూపో నుంచి వచ్చిందంటారు. యూరప్‌లో ఆ పేరున్న అసలు రకాలకు ఈ గరుకు వల ఉండదు, అమెరికాలో వలున్నదాన్నే ఆ పేరుతో అమ్ముతారు. మనకు అన్నీ కర్బూజలే. లోపలి కండ నారింజ రంగుదైతే విటమిన్ ఎ నిచ్చే కెరోటిన్ దండిగా ఉంటుంది, తెల్లకండ రకాల్లో అది చాలా తక్కువ. ఈ తేడా కొనేవాళ్లకు తెలియాలి కదా!

తప్పంతా రైతు మీద వేయడం న్యాయం కాదు. ఒకే తీగ మీది కాయలు ఒక్కరోజే పండవు, రోజు విడిచి రోజు ఏరి కోయాలి. తోటను గుత్తకు పట్టిన వ్యాపారికి లారీ ఒక్క పూటలో నిండాలి. పైగా పూర్తిగా పండిన కాయ మన ఎండకు మూడు నాలుగు రోజులు కూడా ఆగదు. 2 నుంచి 5 డిగ్రీల చల్లటి గదిలో పెడితే రెండు వారాల వరకు నిలుస్తుంది. మార్కెట్ యార్డుల్లో అలాంటి గది ఉంటే పచ్చికాయ కోయాల్సిన అగత్యం ఉండదు. రైతు చేతిలో ఉన్నవీ ఉన్నాయి. కోతకు వారం ముందు నీళ్లు తగ్గించాలి, లేకపోతే కాయ పగులుతుంది, తీపి పలచబడుతుంది. బూడిద తెగులుతో ఆకు పోయిందంటే చక్కెర తయారీ ఆగినట్టే. ఉదయం పూలు విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొడితే తేనెటీగలు చస్తాయి, కాయ వంకరపోతుంది.

అధికారులను కోరేది ఒకటి. 1999లో రైతుబజార్లు పెట్టింది రైతుకూ, కొనేవారికీ నేరుగా మేలు జరగాలనే. నెల్లూరు, ఒంగోలు రైతుబజార్లలో తీపి కొలిచే, చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ ఒక్కొక్కటి పెట్టించండి. కాయ నడుము భాగం నుంచి రెండు చుక్కల రసం గాజు మీద వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే బ్రిక్స్ అంకె, అంటే రసంలో చక్కెర సుమారు ఎంత శాతమో చెప్పే అంకె కనబడుతుంది. పూవు రాలిన వైపు తీపి ఎక్కువ కాబట్టి అక్కడి రసంతో కొలవకూడదు. అమెరికా గ్రేడింగ్‌లో 9 ఉంటే మంచికాయ, 11 ఉంటే చాలా మంచికాయ. లాటుకు నాలుగైదు కాయలు కోసి చూసి, ఆ అంకె పలక మీద రాస్తే చాలు. ఏరి కోసిన రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ పలుకుతాయి.

కోసిన ముక్కల అమ్మకం మీద కూడా మున్సిపల్ సిబ్బంది కన్ను పడాలి. ఆ గరుకు తోలులో మట్టి, క్రిములు దాక్కుంటాయి. కడగకుండా కోస్తే కత్తితో పాటు లోపలికి దిగుతాయి. కండలో పులుపు లేదు కాబట్టి అక్కడ తొందరగా పెరుగుతాయి. 2011లో అమెరికాలోని కొలరాడో నుంచి వెళ్లిన కాంటలూప్‌ల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 33 మంది చనిపోయారు. పారే నీళ్ల కింద బ్రష్‌తో రుద్ది, తుడిచి, అప్పుడు కోయాలి. ముక్కలు మన వేసవిలో గంటకు మించి బయట ఉండకూడదు. ఐసుగడ్డ మీద పళ్లెం పెట్టినంత మాత్రాన పై ముక్కలు చల్లబడవు.

ఇట్లు,
ఒక ఉద్యాన రైతు,
కావలి