దొంగ కస్టమ్స్ సరే, అసలు కస్టమ్స్ సంగతేంటి?

ఎడిటర్ గారికి,

పోయినవారం మీ పేపర్లో కస్టమ్స్ పేరు చెప్పి ఫోన్లు చేసే మోసగాళ్ల గురించి అరపేజీ వేశారు, పార్శిల్ వచ్చింది డబ్బు కట్టండి అంటే కట్టొద్దని. మంచిదే, పెద్దవాళ్లు చాలామంది మోసపోతున్నారు. కానీ నిజంగానే పార్శిల్ వచ్చి, నిజంగానే ఎక్కువ డ్యూటీ, అంటే దిగుమతి సుంకం, గుంజితే ఆ డబ్బు ఎలా రాబట్టుకోవాలో కూడా నాలుగు ముక్కలు రాయాల్సింది. దొంగ కస్టమ్స్ వాళ్లు కనీసం ఫోన్ ఎత్తుతారండీ.

మా అమ్మాయి అమెరికా నుంచి చొక్కాలు పంపింది, మూడు చొక్కాల ప్యాక్, మొత్తం కలిపి 45 డాలర్లు, ఇన్‌వాయిస్‌లో శుభ్రంగా ఉంది. కొరియర్ వాళ్లు ఆ 45ని మళ్లీ మూడుతో హెచ్చవేసి 135 అని చూపించారు, డ్యూటీ, ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ) అన్నీ దానిమీదే. గుమ్మం దగ్గర కుర్రాడు క్యూఆర్ కోడ్ చూపించి, కట్టకపోతే బాక్స్ వెనక్కి పోద్ది సార్ అన్నాడు, వాడిననేం లాభం, కట్టాను. పైగా మా తరఫున డ్యూటీ ముందే కట్టి పెట్టినందుకని వాళ్ల ఫీజు ఒకటి, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ!

కస్టమర్ కేర్‌కి చేస్తే డ్యూటీ వేసింది కస్టమ్స్, వాళ్లనడగండి అంటారు. కస్టమ్స్ ఆఫీసుకి వెళ్తే లెక్క చూపించింది కొరియర్, బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే సరుకు విలువ, పన్ను లెక్క రాసి కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, దాని కాపీ పట్టుకురండి అంటారు. మళ్లీ కొరియర్‌ని అడిగితే అది కస్టమర్‌కి ఇచ్చేది కాదు సార్ అని జవాబు. నా ఆధార్ తీసుకుని నా పేరున వేసిన కాగితం నాకే ఇవ్వరట! కొరియర్ పేరు రాయను, రాసినా మీరు వేయరు.

చట్టం మాత్రం చూడముచ్చటగా ఉంది. కస్టమ్స్ చట్టం 1962, సెక్షన్ 27 ప్రకారం కట్టిన రోజు నుంచి ఏడాదిలోగా రిఫండ్ అడగొచ్చు. అప్లికేషన్ ఇచ్చిన మూడు నెలల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా ఇవ్వాలి. సొంత వాడకానికి తెప్పించుకున్న సరుకైతే ఆ డబ్బు ప్రభుత్వం వారి వినియోగదారుల సంక్షేమ నిధికి కాకుండా మనకే రావాలి. ఇవన్నీ చదివి సంతోషపడేలోపు 2019లో సుప్రీంకోర్టు ఐటీసీ కంపెనీ కేసులో ఇచ్చిన తీర్పు ఒకటుంది, ముందు కస్టమ్స్ ఖరారు చేసిన ఆ పన్ను లెక్కని, అంటే అసెస్‌మెంట్‌ని మార్పించుకోవాలి, ఆ తర్వాతే రిఫండ్ అని. ఆ పన్ను లెక్క మీద అప్పీలుకి గడువు 60 రోజులు, ఆ పైన ఇంకో 30 రోజులు కమిషనర్ గారి దయ. కాగితం కోసం తిరగడానికే అవన్నీ చాలవు, ఇక ఏడాది గడువు ఎవరిని ఉద్ధరించడానికి? పెద్ద కంపెనీల కోసం చెప్పిన తీర్పు మూడు చొక్కాల వాడి నెత్తిన కూడా పడింది. వకీలుని పెడితే అతని ఫీజు చొక్కాల ఖరీదు దాటిపోతుంది, అందుకే ఎవరూ అడగరు, అడగరని వాళ్లకీ తెలుసు.

అసలు అంత దూరం ఎందుకు, అదే చట్టంలో సెక్షన్ 154 ఉంది, రాతలో, కూడికలో దొర్లిన తప్పుల్ని అధికారి ఎప్పుడైనా దిద్దొచ్చు అని. 45 మూడుసార్లు వేయడం కంటే పెద్ద లెక్క తప్పు ఏముంటుంది? ఆ సెక్షన్ పేరెత్తితే కౌంటర్లో ఆయన నన్నే అనుమానంగా చూశాడు, మీరు అడ్వకేటా అని. కాదు బాబూ, ఆడిట్‌లో పనిచేసి రిటైరైన వాణ్ని. మా రోజుల్లో లెక్క తప్పితే మెమో ఇచ్చేవాళ్లు, ఇప్పుడు తప్పు పట్టినవాణ్ని తిప్పుతున్నారు.

గిఫ్టులకి 5000 రూపాయల దాకా ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లో ఎత్తేశారు, సరే, పన్ను కట్టొద్దని ఎవరూ అనడంలేదు. ఇన్‌కంట్యాక్స్ రిఫండ్ ఇప్పుడు ఎవరినీ బతిమాలకుండానే బ్యాంకులో పడుతోంది, మరి ఇది ఎందుకు పడదు? చలానా వేయాలంటే కెమెరా, కరెంటు బిల్లు ఆలస్యమైతే ఫైన్, వసూలుకి అన్నీ ఆన్‌లైనే. తిరిగివ్వాల్సి వచ్చేసరికి జిరాక్సులు, సంతకాలు, రేపు రండి. ఏ ఆఫీసు చూసినా ఇదే తంతు.

మీ విలేఖరుల్ని పంపి ఒక్క సంగతి కస్టమ్స్ పెద్దల్ని అడిగించండి, డ్యూటీ వసూలు చేసిన ప్రతి పార్శిల్‌తో పాటు బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఇచ్చి తీరాలని కొరియర్లకి చెప్పడానికి అడ్డేంటి? జవాబొస్తే వేయండి, రాకపోతే రాలేదని వేయండి.

— ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ