డెంగీ లెక్కలు వార్డులవారీగా బయటపెట్టాలి

డెంగీ కేసులు పెరిగిపోయాక ఫాగింగ్ బండి తిప్పడం కంటితుడుపు చర్యే. పొగకు చచ్చేవి ఎగిరే దోమలే; మా వీధిలో పొగ కొట్టిన మర్నాడు కూడా సగం కట్టి వదిలేసిన ఇంటి సంపులో దోమ పిల్లలు (లార్వా) గిలగిలా ఈదుతూనే ఉన్నాయి. దోమ పొట్టలో మలేరియా క్రిమిని 1897లో సికింద్రాబాద్‌లో కనిపెట్టిన రొనాల్డ్ రాస్, తర్వాత గణితంతో ఇంకో సంగతి తేల్చారు: దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. డెంగీకీ ఇదే సూత్రం. కానీ లెక్క కట్టడానికి అంకెలేవి? మాకు పేపర్లో కనిపించేది జిల్లా మొత్తం కేసులే, అదీ ఆలస్యంగా. ప్రైవేటు ల్యాబుల్లో తేలిన వాటితో సహా డెంగీ కేసుల సంఖ్యనూ, లార్వా దొరికిన ఇళ్ల సంఖ్యనూ వార్డులవారీగా వారం వారం వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ లెక్కలను యూనివర్సిటీల గణాంకశాస్త్ర విభాగాలకు అప్పగిస్తే, ముందు ఏ వార్డులో నిల్వ నీళ్లు పారబోయించాలో జూన్‌లోనే అంచనా వేయొచ్చు.