లాక్ గట్టిదే, స్క్రూలు చిన్నవి: మన షాపు కస్టమర్లకు ఒక మాట

పోయిన సంక్రాంతికి ఊరెళ్లిన మన కస్టమర్ ఒకరి ఇంటి తలుపు దొంగలు గడ్డపారతో తెరిచారు. దానికి ఉన్న మార్టైజ్ లాక్ (తలుపు మందంలోకి దించి బిగించేది) నేను అమ్మిందే, షాపులో ఉన్నవాటిలో ఖరీదైనది. వెళ్లి చూస్తే లాక్ చెక్కుచెదరలేదు, తాళం చెవి పెడితే హాయిగా తిరిగింది. ఊడిపోయింది చౌకట్టులో లాక్ నాలుక దూరే ప్లేటు. దాన్ని పట్టి ఉంచినవి ముప్పావు అంగుళం స్క్రూలు రెండే. చీలిన టేకు పేళ్లతో సహా గడప దగ్గర పడి ఉన్నాయి.

అవి డబ్బాలో వచ్చిన స్క్రూలే. నేను చూడకుండా ఇచ్చాను, కార్పెంటర్ చూడకుండా బిగించాడు. ఆ ఇంటావిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు కానీ తప్పు నాదే. లాక్ గురించి అరగంట చెప్పినవాణ్ణి, చౌకట్టు ఎలాంటిదని ఒక్కసారి అడగలేదు.

ఇకనుంచి ఉప్పల్‌లో మన షాపులో మెయిన్ డోర్ లాక్ కొన్న ప్రతి ఒక్కరికీ మందపాటి ప్లేటు, రెండంగుళాల స్క్రూలు నేనే ఇస్తాను, వేరే డబ్బులు అక్కర్లేదు. బిగించే ముందు సన్న బిట్‌తో రంధ్రం వేయమనండి, లేకపోతే చెక్క పగులుతుంది. ఇనుప చౌకట్టుకు, డబ్ల్యూపీసీకి (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే చౌకట్టు) ఈ స్క్రూలు సరిపోవు. ఫోటో పంపితే ఏం కావాలో చూసి చెప్తాను.

తలుపు మందం కూడా కొలుచుకుని రండి. చెవి దూరే సిలిండర్ పొడవు ఎక్కువైతే అది హ్యాండిల్ ప్లేటు దాటి బయటికి పొడుచుకొస్తుంది, విరగ్గొట్టేవాడికి పట్టు దొరుకుతుంది. మూడు మిల్లీమీటర్లకు మించి బయటికి రాకుండా చూసుకోవాలి.

పసుపు మెరుపుతో వచ్చే చవక హ్యాండిళ్లు ఇక తెప్పించను. పైకి ఇత్తడిలా కనిపించినా లోపల ఉన్నది పోతపోసిన జింక్, గట్టి దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లను పోగొట్టుకున్నా ఫర్వాలేదు. స్టీల్ గడియలు, బందుల విషయంలో ఇకపై బిల్లు మీదే స్టీల్ రకం 304 అనో 202 అనో రాసిస్తాను. అయస్కాంతం పెట్టి చూస్తే ఆ తేడా తెలియదు. 202లో నికెల్ తక్కువ, బాత్రూమ్ తలుపులకు, వాన జల్లు కొట్టే చోటికి 304 తీసుకోండి.

తాళం బిగుసుకుంటే కొబ్బరినూనె పోయకండి. దుమ్ము పేరుకుని లోపలి పిన్నులు ఇరుక్కుపోతాయి. పెన్సిల్ ముల్లును చెవి పళ్లకు బాగా రుద్ది, నాలుగైదుసార్లు పెట్టి తిప్పి చూడండి.

ఇదివరకు మన దగ్గర లాక్ తీసుకున్నవాళ్లు ఒక్కసారి చౌకట్టులోని ఆ ప్లేటు స్క్రూ విప్పి పొడవు చూడండి. చిన్నదైతే దాన్నే జేబులో వేసుకుని రండి, బిల్లు లేకపోయినా మారుస్తాను. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది.