సొరంగం నుంచి నీకొక క్షమాపణ

సెతెనీల్,
మే 18.

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది మూడు నెలలు దాటిందని నాకు గుర్తుంది. ఆలస్యానికి ఏదో ఒక సాకు చెప్పవచ్చు గానీ, ఇరవై రెండేళ్ళుగా నా సాకులన్నీ విన్నవాడివి కనుక ఆ శ్రమ మనిద్దరికీ అనవసరం. తప్పు నాదే, మన్నించు. ఇంటి సంగతులు ఒక్క ముక్కలో చెబుతాను: అందరం క్షేమం, అమ్మాయి పరీక్షలు గట్టెక్కింది, నా మోకాలు మాట వింటోంది, ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. అసలు సంగతి వేరే ఉంది. సుజాత నీకు ఫోను చేసి చెప్పేలోగా దాన్ని నా చేత్తో నేనే రాయాలి. ఆమె నోట పడితే ఆ కథకు కాళ్ళూ చేతులూ మొలుస్తాయని నీకు తెలియనిది కాదు.

మేము స్పెయిన్ దక్షిణాన, కాదిస్ కొండల్లో ఉన్నాం. నిన్న ఒల్వేరా నుంచి ప్యుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్లు సైకిళ్ళ మీద వచ్చాం. "నీవల్ల అవుతుందా?" అని నువ్వు కనుబొమ్మ ఎగరేయడం ఇక్కడికే కనిపిస్తోంది. అయింది. ఎందుకు అయిందో చెప్పాలంటే ముందు ఆ దారి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తరువాత జరిగినదానికి అర్థం ఉండదు.

దారి పేరు వియా వెర్దే దె లా సియెర్రా, అంటే కొండల పచ్చదారి. నిజానికి అది రైలు కోసం వేసిన దారి. హెరెస్ నుంచి అల్మార్హెన్ దాకా ఒక రైలుమార్గం వేయాలని 1920లలో పనులు మొదలుపెట్టారు. కొండలు తొలిచారు, లోయల మీద వంతెనలు కట్టారు, స్టేషన్లు కూడా లేపారు. తరువాత డబ్బు చిక్కులు వచ్చాయి, ఆ తరువాత 1936లో అంతర్యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది. మేము వచ్చిన ఈ భాగం మీద ఏనాడూ ఒక్క రైలు నడవలేదు, రఘూ! ముప్ఫై సొరంగాలు, నాలుగు పెద్ద వంతెనలు, టికెట్టు ఒక్కటి కూడా అమ్మని స్టేషన్లు మాత్రం మిగిలాయి. దేశంలో మూలపడిన రైలుదారులను నడిచేవారికీ సైకిళ్ళకూ అప్పగించే కార్యక్రమం 1993లో మొదలైంది. ఇప్పుడు అలాంటి దారులు దేశమంతటా కలిపి 3,000 కిలోమీటర్లకు పైనే ఉన్నాయట.

నా మోకాలు ఎందుకు మొరాయించలేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ, అందుకే రైలు నిటారుగా ఎక్కలేదు. దానికోసం ఇంజనీర్లు కొండ వస్తే తొలిచారు, లోయ వస్తే వంతెన వేశారు. రైలు కోసం పడిన ఆ పాట్లన్నీ మా చక్రాలకు దక్కాయి. పైగా ఒల్వేరా ఎత్తున ఉంది, ప్యుయెర్తో సెర్రానో పల్లాన ఉంది, కాబట్టి మేము ఎంచుకున్న దిశలో మొత్తం మీద దిగుడే. దిశ ఎంచుకున్నది సుజాత. నేనైతే మ్యాపు చూసి ఎడమ నుంచి కుడికి బయలుదేరి ఉండేవాణ్ణి.

ఉదయం ఒల్వేరా నుంచి బయలుదేరేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. కొండ మీద సున్నం కొట్టిన ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడినట్టున్నాయి, వాటి పైన చర్చి, బండ కొసన అరబ్బుల కాలపు కోట. ఆ కోటను 1327లో కాస్తీల్ రాజు పదకొండో అల్ఫోన్సో గెలుచుకున్నాడు. ఇంకాసేపు చూడవలసిన ఊరే గానీ, ఎండ ముదిరేలోగా వెళ్ళాలన్న తొందరలో ఉన్నాం.

ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దాన్ని నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రోడ్డు మీద సైకిలు తొక్కేటప్పుడు మన చెవులు ఎప్పుడూ వెనకాలే ఉంటాయి. ఏ లారీ వస్తోందో, ఏ హారను మోగుతుందో అని మెడ బిగించుకునే తొక్కుతాం. ఇక్కడ ఐదారు కిలోమీటర్లు వచ్చాక గాని నా మెడ వదులైందని నాకు తెలియలేదు. వినిపించేవి టైరు కింద కంకర, ఫ్రీవీలు టకటక, ఆలివ్ తోటల్లో పక్షులు, అంతే. నువ్వుంటే ఆ ఫ్రీవీలు చప్పుడు విని మన ఏడో నంబరు గుర్రాన్ని తలుచుకునేవాడివి. ప్రార్థన చేసినవాడికి మాత్రమే బ్రేకు పడే ఆ అద్దె సైకిలు ఇప్పుడు ఏ పాతసామాన్ల కొట్లో ఉందో!

పది గంటలు దాటాక సాఫ్రామగోన్ వచ్చింది. అది చదునైన లోయల మధ్య హఠాత్తుగా లేచిన ఒక సున్నపురాతి కొండ. దాని పక్కన పాత స్టేషనులోనే పక్షుల పరిశీలన కేంద్రం పెట్టారు, ఎందుకంటే ఆ కొండ అంచుల నిండా రాబందులు. గ్రిఫన్ రాబందులు, రెక్క చాచితే రెండున్నర మీటర్లు. బరువైన పక్షులు కనుక రెక్కలాడిస్తూ ఎక్కువ దూరం పోలేవు. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా రాతి అంచులమీద ఓపికగా కూర్చుంటాయి. మేము వెళ్ళేసరికి ఆ సమయమే అయింది. ఒకటి జారింది, వెనకాలే మరొకటి, తరువాత లెక్క తప్పింది. ఒక్కటీ రెక్క కొట్టలేదు. వాటి నీడలు మా సైకిళ్ళ మీదుగా వెళ్ళాయి.

అక్కడ నాకు ఎందుకో మనసు బరువెక్కింది. మన చిన్నప్పుడు ఆకాశంలో ఇవి ఎన్ని ఉండేవో గుర్తుందా? మనం వాటిని అసహ్యించుకునేవాళ్ళం, అపశకునం అనేవాళ్ళం. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువులు చచ్చాక వాటి మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని తేలి, పశువైద్యంలో దాన్ని 2006లో మన దేశంలో నిషేధించేసరికే చాలావరకు పోయాయి. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెట్టే పక్షి, పోయినవి పోయినంత తొందరగా ఎలా తిరిగి వస్తుంది? నేను తల ఎత్తి అలా నిలబడే ఉంటే సుజాత రెండుసార్లు పిలిచింది. సరే, ఈ మాట ఎప్పుడైనా ఎదురెదురుగా కూర్చుని...

కోరిపే దగ్గర కొన్ని వందల ఏళ్ళ వయసున్న ఓక్ చెట్టు కింద పడుకున్నాం. ఆ చెట్టును సహజ స్మారకంగా ప్రకటించారు. దాని గురించి రెండు పేజీలు రాయవచ్చు, రాయను. సొరంగం వచ్చేస్తోంది.

మధ్యాహ్నం ఎండ ఎలాంటిదంటే, తెల్లటి కంకర దారి కళ్ళలోకి సూదులు గుచ్చుతున్నట్టుంది. సుజాత ఎప్పటిలాగే ముందుకు వెళ్ళిపోయింది. ఫోను ఆమె సంచిలో, హ్యాండిలుకు తగిలించుకోవలసిన దీపం నా సంచి అడుగున తువ్వాలు కింద. అప్పటికి ఇరవైకి పైగా సొరంగాలు దాటాం, ఎక్కువ భాగం పొట్టివే. ఒక కొసన దూరితే రెండో కొస వెలుగు కనిపిస్తూనే ఉంటుంది. ఇది అలాంటిది కాదు. పొడవైనది, పైగా వంపు తిరిగింది. ఇంత లోపలికి వచ్చానో లేదో వెనకాల వెలుగు గోడ చాటుకు పోయింది, ముందు వెలుగు ఇంకా రాలేదు. నా ముందు చక్రం నాకు కనిపించడం లేదు, నా చేతులు కనిపించడం లేదు. పైన దూరందూరంగా బీడీ నిప్పుల్లాంటి చుక్కలు కనిపించాయి గానీ, ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుందని ఎక్కడో చదివాను కనుక అవి నా కళ్ళలో మిగిలిపోయిన మెరుపులే అని తీర్మానించుకున్నాను. నా చదువు నన్ను ముంచింది.

దిగాను. ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ కుడి చేత్తో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. గోడ చెమ్మగా, గరుకుగా, అన్యాయమైనంత చల్లగా ఉంది. రాత్రిపూట కానిస్టేబులు పట్టుకుని "మీ డైనమో ఏమైందిరా?" అంటే, నువ్వు నిబ్బరంగా "వెన్నెల ఉంది కదా సార్" అన్నమాట గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వబోయాను, ఆ నవ్వు నాకే వినసొంపుగా లేదు. ఇక్కడ వెన్నెల కూడా లేదు. ఈ రాతిని ఎవరో రాత్రింబవళ్ళు తొలిచారు, కొన్నేళ్ళు తొలిచారు, రాని రైలు కోసం. ఆ మాట ఉదయం ఎండలో చదివినప్పుడు వింతగా అనిపించింది. చీకట్లో ఆ గోడ మీద చెయ్యి వేసినప్పుడు వేరేగా ఉంది. వాళ్ళలో ఎవరైనా రైలు వస్తే ఎక్కుదామని...

అప్పుడు గంటలు వినిపించాయి.

ఒకటి కాదు, పదులకొద్దీ, చిన్నా పెద్దా, ముందు నుంచో వెనక నుంచో తెలియడం లేదు, ఎందుకంటే సొరంగంలో ప్రతి చప్పుడూ అన్ని వైపుల నుంచీ వస్తుంది. నేను "సుజాతా!" అని కేక పెట్టాను. సొరంగం ఆ కేకను ముచ్చటగా నాలుగుసార్లు తిరిగి అప్పజెప్పింది. తరువాత నా మోకాళ్ళకు వెచ్చగా, బొచ్చుగా ఏదో తగిలింది. ఒకటి వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది, ఒకటి నా సంచిని నమిలి చూసింది. వాసన బట్టి మేకలని గ్రహించడానికి నాకు పట్టిన సమయం గురించి నేను ఇక్కడ రాయదలచుకోలేదు. గోడకు అంటుకుపోయి నిలబడ్డాను.

మేకల వెనక ఒక ముసలాయన వచ్చాడు. ఏదో అడిగాడు. నాకు వచ్చిన నాలుగు స్పానిష్ మాటల్లోంచి "వెలుగు లేదు, వెలుగు లేదు" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఊరుకున్నాడు. తరువాత చాలా మర్యాదగా, పసిపిల్లవాడి ముఖం మీది జుట్టు సవరించినట్టు, రెండు వేళ్ళతో నా నల్ల కళ్ళజోడు పైకెత్తి నుదుటి మీద పెట్టాడు.

పైన వరుసగా దీపాలు వెలుగుతున్నాయి, రఘూ. అన్నీ వెలుగుతున్నాయి. మేకలు కనిపించాయి, ఆయన టోపీ కనిపించింది, నేను పావుగంటగా తడుముకుంటూ వచ్చిన గోడ పక్కన చక్కగా, వెడల్పుగా, గుంత ఒక్కటి లేని దారి కనిపించింది. వంపు దగ్గర సైకిలు ఆపుకుని నిలబడ్డ సుజాత కూడా కనిపించింది. నా కేక విని వెనక్కి వచ్చిందట. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో ఇప్పటిదాకా చెప్పలేదు. ముసలాయన ఆమెకు తల వంచి నమస్కారం చేసి, మేకలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పరీక్ష హాల్లో నెత్తిమీద కళ్ళజోడు పెట్టుకుని అరగంటసేపు అదే కళ్ళజోడు కోసం బల్లల కింద వెతికిన మహానుభావుడి కథ నేను ఎన్నిసార్లు చెప్పానో నాకు లెక్క లేదు. నీ పెళ్ళిలో చెప్పాను. మీ మామగారికి ప్రత్యేకంగా మరోసారి చెప్పాను. మీ పిల్లలకు నటించి చూపించాను. అవన్నీ నేను ఈ ఉత్తరంతో వెనక్కి తీసుకుంటున్నాను. నీ కళ్ళజోడు కనీసం నెత్తిమీద ఉంది. నాది కళ్ళకే ఉంది. సుజాత నీకు ఫోను చేస్తే అంతా విను, కానీ మేకల సంఖ్య విషయంలో ఆమెను నమ్మకు.

ఈ సెతెనీల్ గురించి రాయాలనుకున్నాను. ఒక వీధి మొత్తానికి పైకప్పు ఒకే ఒక బండ. దాని కింద గోడ కట్టి తలుపు పెట్టి తరతరాలుగా కాపురాలు చేస్తున్నారు. 1484 దాకా అరబ్బుల చేతిలో ఉన్న ఊరు. నేను ప్రస్తుతం ఆ బండ కిందే కూర్చుని రాస్తున్నాను, నల్ల కళ్ళజోడు తీసేసే రాస్తున్నాను. ఇలాంటి దారి నువ్వు తప్పకుండా తొక్కాలి. టైర్లు కాస్త లావుపాటివి తీసుకో, కంకర మీద గాలి మరీ గట్టిగా కొట్టించకు, బరువంతా క్యారియరు పక్క సంచుల్లో కిందికి ఉండేలా సర్దుకో. దీపం మాత్రం పైనే పెట్టుకో. అక్టోబరులో వీలైతే మనిద్దరం...

రోండా వెళ్ళే బండి వచ్చి ఆగింది, సుజాత పిలుస్తోంది. అక్టోబరు సంగతి రోండా స్టేషనులో

నీ
శ్రీను