పాస్‌బుక్ అంకె ఒక్కటే చాలదు

సంపాదకులకు,

ఆదాయపు పన్ను రిటర్నులు నింపిపెట్టేవారిని అందరూ ముందు అడిగేది 'రిఫండ్ (ఎక్కువ కట్టిన పన్ను వాపసు) ఎంతొస్తుంది?' అనే. కాగితాలు చూడకుండానే అంకె చెప్పేవారిని నమ్మకండి.

చిక్కంతా వడ్డీ దగ్గరే. డిపాజిట్‌పై 60,000 వడ్డీలో బ్యాంకు 6,000 పన్ను కోసి 54,000 జమ చేస్తుంది. పాస్‌బుక్ చూసి ఖాతాదారు 54,000 అనే చెబుతారు. పన్ను శాఖ దగ్గర మాత్రం 60,000 అని ఉంటుంది. 60,000 ఆదాయంగా చూపి, ఆ 6,000 ముందే కట్టిన పన్నుగా వేసుకోవాలి. 54,000 రాసి 6,000 కూడా అడిగితే లెక్క పొసగక నోటీసు రావచ్చు. స్థలం, షేర్లు అమ్మినవారు అమ్మిన కాగితమే తెస్తారు. కొన్న ధర, తేదీ లేకుండా లాభం తేల్చేదెలా?

రిఫండ్‌లో వాటాగా ఫీజు మాట్లాడుకుంటే లేని మినహాయింపులు రాసే ఆశ పుడుతుంది. అవి బయటపడ్డాక పన్ను, వడ్డీ కట్టాల్సింది రిటర్ను ఎవరిదో వారే. అందుకే దాఖలుకు ముందు అంకెలన్నీ చదివించి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఫోన్‌లో 'సరే, పంపేయండి' అంటే కుదరదు. రిఫండ్ పడే బ్యాంకు ఖాతా నంబరు మటుకు రిటర్ను నింపేవారు, దాని యజమాని ఇద్దరూ విడివిడిగా సరిచూడాలి. గడువు రోజు హడావుడిలో తప్పు పడేది అక్కడే.

ఇట్లు,
రిటర్నులు తయారుచేసే ఒక పాఠకుడు