నాయన కళ్ళు బాగానే ఉన్నాయి

కావలి

మామా,

ఆదివారం పినాకిని రైలుకి వస్తానన్నావుగా, ఈలోపు నాయన సంగతి వివరంగా రాస్తున్నా. ఫోన్‌లో అమ్మ పక్కనే ఉంటే ఏమీ చెప్పలేకపోయా.

ఆయనకు వచ్చింది పక్షవాతమే, అదే స్ట్రోకు. అయినా కాలూ చెయ్యీ ఆడుతున్నాయి, మూతి వంకర పోలేదు. పొద్దున్నే లేచి "ఏందిరా, ఏదీ ఆనవాలు తెలియట్లా" అన్నాడు. కంటి డాక్టరేమో చూపు బాగుందన్నాడు. నెల్లూరులో ఎమ్మారై తీశాకే తెలిసింది, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళం పూడిపోయిందని. మీ ఇంట్లోనూ చెప్పిపెట్టు, చూపులో హఠాత్తుగా తేడా వచ్చినా స్ట్రోకేమోనని పరుగెత్తాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా తేడా మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి.

చూపు బాగానే ఉన్నా చూసిందేంటో గుర్తుపట్టలేకపోవడాన్ని విజువల్ అగ్నోసియా అంటారు. 1890లోనే లిస్సావర్ అనే జర్మన్ డాక్టర్ ఇందులో రెండు రకాలున్నాయని రాశాడు. కొందరికి ఆకారమే కుదురుగా కనబడదు. ఇంకొందరికి ఆకారం కనబడుతుంది గానీ అదేంటో తెలియదు. నాయనది రెండోది. స్పానర్ ఎదురుగా పెడితే చూసి అచ్చంగా బొమ్మ గీశాడు మామా! గీసిందేంటంటే మాత్రం "ఏదో పొడుగ్గా ఉంది, చివర నోరు తెరుచుకోనుంది" అన్నాడు. ట్రంకు రోడ్డు మీద జీవితమంతా లారీలు విప్పి బిగించిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. అదే స్పానర్ చేతికిచ్చా. వేళ్ళతో తడిమి, "14వ నంబరు" అన్నాడు. తిప్పి చూస్తే 14 అనే ఉంది.

అందుకే చుట్టాలు మతి పోయిందంటుంటే ఒళ్ళు మండుతోంది. మతి పోలేదు. స్పానర్ దేనికి వాడతారో అడుగు, గంట చెప్తాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి ఎత్తి చూపించి "ఇదేంది చెప్పు పెద్దాయనా" అంటారు. ఆయన తల దించేసుకుంటాడు. పరీక్ష పెట్టడం మందు కాదు.

ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు పెట్టాం. బీపీ మాత్రల డబ్బాకు రబ్బరు బ్యాండు చుట్టాం, చేత్తో గుర్తుపడతాడు. మొహాలూ సరిగ్గా తెలియట్లేదు. అమ్మను గాజుల చప్పుడుతో పోల్చుకుంటున్నాడు. మొదటి నెలల్లో కొంత మెరుగవ్వచ్చంటున్నారు, పూర్తిగా వస్తుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు.

నువ్వు గుమ్మంలోనే "బాబాయ్" అని గట్టిగా పిలువు, గొంతు పట్టేస్తాడు. టీ గ్లాసు ఎదురుగా పెట్టొద్దు, చేతికే ఇవ్వు. మీ స్కూటర్ కార్బొరేటర్ మొండికేసిందన్నావుగా, విప్పి సంచిలో వేసుకురా. ఆయన చేతే బాగు చేయిద్దాం.

నీ
మామ